ఋషికొండ యొద్ద జలప్రవేశము

దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగెనని భారతమున చదువునపుడెల్ల, ఊపిరి మాటేమని మాయింటి పిల్లలు ప్రశ్నింతురు. ఆ విద్య యెట్టిదో కాని, నేటి విద్యకు సాధనము సిలిండరులో నొత్తి నింపిన గాలి. 1943లో ఫ్రాన్సుదేశమున కూస్తో, గాన్యా అను నిరువురు, పీల్చినపుడు మాత్రమే తగినంత గాలి నిచ్చు కవాటమును సమకూర్చిరి. స్కూబా యనునది దానివలన వ్యాపించినదే. సిలిండరులో నుండునది ఆక్సిజనని పలువురు తలంతురు. విహారమునకు వచ్చువారికి సామాన్యముగా నిచ్చునది మనము పీల్చు గాలియే.

మా కర్దనూరునుండి విశాఖ సముద్రతీరము ఆరువందల కిలోమీటర్లకు పైమాట. పరిశ్రమల మురుగు కలిసిన నక్కవాగును చూచి పెరిగిన ఈ ప్రాంతపు పిల్లలకు నీటిపై మోజుకంటె రోతయే మెండు. సంక్రాంతి సెలవులలో లింగంపల్లిలో రైలెక్కి విశాఖపట్టణము చేరితిమి. "నీళ్ళతో, నిప్పుతో చెలగాటమేమిటమ్మా!" అని అత్తగారు వారించిరి. అయినను వెంట వచ్చి, మా గాజులను కొంగున ముడివేసికొని ఋషికొండ యిసుకపై కూర్చుండిరి.

విశాఖ తూర్పు నావికాదళమునకు కేంద్రము గనుక, దళమున ఈ విద్య నేర్చి విశ్రాంతి గొన్నవారు అచ్చట శిక్షకులుగా నుండుట కలదు. మా శిక్షకుడును అట్టివాడే. ఈత రాదన్న నతడు వెనుదీయలేదు. ఉబ్బసము, గుండెజబ్బు, గర్భము ఉన్నవా యని మాత్రము గ్రుచ్చి గ్రుచ్చి యడిగెను. మా మేనకోడలు జలుబును దాచినది. ఒక్క తుమ్ముతో గుట్టు బయటపడగా, ఎంత బ్రతిమాలినను నతడు దింపలేదు. పిల్ల యేడ్చినది. మాకు మాత్రము అతనియందు గురి యప్పుడే కుదిరినది.

జలుబునకు అంత పట్టుదల యేల? నీటిలో ప్రతి 10 మీటర్లకును ఒక్కొక్క వాతావరణపీడనము హెచ్చును. కర్ణభేరి లోనికి నొక్కుకొనును. ముక్కు పట్టుకొని మెల్లగా ఊదినచో గాలి గొంతునుండి చెవిలోనికి పోయి సరిపెట్టును. జలుబున ఆ దారి పూడియుండును. మూడు మీటర్ల లోతున మా కుడిచెవిలో శూలము దిగినట్లయ్యెను. అరచేయి నాడించి చెవిని చూపితిమి. శిక్షకుడు కొంచెము పైకి దెచ్చి, నిలిపి, మరల ఊదుమని సైగచేసెను. టప్పున చెవి విడినది. (అక్కడ బొటనవ్రేలు పైకెత్తుట "బాగు" అనుట కాదు, "పైకి పోవుదము" అనుట.)

ప్రాణాయామము నెరిగినవారు మరువరానిది, కుంభకము ఇచ్చట నిషిద్ధము. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చుసరికి రెండింతలగును. ఊపిరి బిగబట్టి పైకెగసినచో తిత్తులు చిట్లవచ్చును. ఎడతెగక పీల్చుచు విడుచుచు నుండవలసినదే.

అండమానులందువలె విస్తారమైన పగడపుదిబ్బలు అచ్చట లేవు. నీరును అంత తేట కాదు. రాళ్ళసందున చారల చేపలు గుంపుగా తిరుగుచు, మమ్ము చూచి బెదరక ప్రక్కకు తొలగినవి. మావారి ఎఱ్ఱని చేతిపట్టీ క్రిందికి పోగా మాసిన గోధుమవన్నె దాల్చినది; ఎఱుపును నీరు మొదట మ్రింగునట. నగరమును, ఇల్లును, రేపటి వంటయు తలపునకు రాని అరగంట యది.

ఆడువారి కిది తగునా యని అడుగు పెద్దలకు కొరియాలోని జెజు ద్వీపపు స్త్రీలను చూపవచ్చును. సిలిండరు లేకయే, ఊపిరి బిగబట్టి మునిగి నత్తలు, సముద్రపు నాచు తెచ్చి వారు సంసారముల నీడ్చిరి. డెబ్బది యేండ్ల అవ్వలును మునుగుదురు. 2016లో యునెస్కో వారి సంప్రదాయమును మానవజాతి వారసత్వపట్టికలో చేర్చినది.

పోగోరు సోదరీమణులకు ఒక్కమాట. ఒకమారు మునిగినవారు 12 గంటలు, పలుమారులు మునిగినవారు 18 గంటలు గడువనిదే విమాన మెక్కరాదు. రక్తమున కరగిన నత్రజని బుడగలై బాధించును. ఎత్తైన కొండ లెక్కుటయు నట్టిదే. విశాఖకు పోయినవారు అరకు చూడక మానరు గదా! ముందు అరకు చూచి, పిదప సముద్రమున దిగుడు.