ఆ పదిహేడేళ్ల సంగతి పిల్లలకి ఎవరు చెప్తారు?

మా చుట్టుపక్కల ఊళ్లలో మిలటరీలో చేసినవాళ్లు ఎవరు పోయినా నాకు కబురొస్తుంది. నేను మద్రాస్ సాపర్స్‌లో సుబేదారుగా రిటైరయ్యాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ పక్కనే మాధవరం, అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారు, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైనే. ఆ గాలి మా ఊళ్లకీ సోకింది. కాబట్టి మాజీ సైనికుడి చావు మాకు కొత్త కాదు. పెద్దాయన పోతాడు, నలుగురం వెళ్లి దండ వేసి, సెల్యూట్ చేసి వస్తాం. మనవల్ని చూసుకుని పోయిన మనిషి కనుక ఏడుపులోనూ ఒక నెమ్మది ఉంటుంది.

కిందటేడు పోయిన కుర్రాడి సంగతి అలాంటిది కాదు. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో పిల్లల్ని పరుగెత్తించి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. భార్య గ్లాసు తెచ్చేలోపే ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు. పేరు రాయొద్దని వాళ్లమ్మ కోరింది. మా రెజిమెంటులో ఒకర్నొకరు తంబీ అని పిలుచుకుంటాం. ఇక్కడా వాణ్ని తంబీ అనే రాస్తాను.

ముప్పై ఎనిమిదేళ్లకే మాజీ సైనికుడేమిటని బస్తీల్లో అడుగుతుంటారు. మాజీ అనగానే మీసాలు నెరిసిన మనిషి కళ్లముందుకొస్తాడు. సిపాయి లెక్క వేరు. పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్లకు చేరతాడు, పదిహేనేళ్లు దాటితే పెన్షనుకి అర్హుడు, ముప్పై ఐదూ ముప్పై ఆరుకి బయటికొచ్చేవాళ్లే ఎక్కువ. తంబి 2006లో చేరి 2023లో వచ్చేశాడు. ఇకమీదట ఈ వయసు ఇంకా తగ్గుతుంది. 2022లో మొదలైన అగ్నిపథ్‌లో నాలుగేళ్లకే మూడొంతుల మంది ఇంటికొస్తారు, అంటే చాలామంది పాతికేళ్లలోపే మాజీలు.

పల్లెలో పిల్లల్ని వదిలి వెళ్లే జవానుకి ఏడాదికి అరవై రోజులు యాన్యువల్ లీవు, ముప్పై రోజులు క్యాజువల్ లీవు. అన్నీ వాడుకున్నా మూడు నెలలు, అందులో రైలు ప్రయాణాలు కొన్ని రోజులు తినేస్తాయి. పదిహేడేళ్లలో తంబి ఇంట్లో ఉన్న కాలమంతా కూడితే నాలుగేళ్లు దాటదు. తండ్రి లేని ఇల్లు, ముసలి తల్లి, రెండెకరాల కౌలు చేను. అందుకని క్వార్టర్స్ దొరికిన రెండేళ్లు తప్ప భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. వాడు రిటైరై వచ్చిన నెల దాటాక, ఏడేళ్ల కొడుకు నాయనమ్మని పక్కకి పిలిచి, "నాన్న మళ్లీ ఎప్పుడెళ్తారు?" అని అడిగాడు. ఆ మాట తంబి చెవిన పడింది. మా ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఒకే బ్రిగేడ్‌లో పనిచేసినవాళ్లం, నన్ను ఊళ్లో కూడా సాబ్ అనే పిలిచేవాడు. "సాబ్, వాడికి నేను చుట్టాన్నే ఇంకా" అన్నాడు.

వాడు పోయాక నన్ను పట్టుకున్న ఆలోచన ఇదే. పిల్లలకి తండ్రి తెలిసింది చివరి రెండేళ్లే. ఆ పదిహేడేళ్లూ మా దగ్గరున్నాయి, అంటే వాడితో పనిచేసిన మా దగ్గర. మేం చెప్పకపోతే వాడితోపాటే అవీ కాలిపోతాయి.

ఆ రోజు ముందు వచ్చిన ప్రశ్న జెండా. "మా వాడికి జెండా కప్పరా బాబూ?" అని వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఈ సంగతి ఊళ్లల్లో చాలామందికి తెలియదు, చెప్పాలి. జాతీయ జెండాని వస్త్రంలా కప్పడం 1971 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకీ, సాయుధ, పారా మిలటరీ బలగాలు జరిపే అంత్యక్రియలకీ మాత్రమే మినహాయింపు. సర్వీసులో ఉండి పోయినవాడికి యూనిట్‌వాళ్లే జెండా తెస్తారు. కాషాయం తలవైపు ఉండేలా కప్పుతారు. చితి మీదికి గానీ, గోతిలోకి గానీ జెండా వెళ్లకూడదు, ముందే తీసి మడత పెట్టి భార్య చేతికో తల్లి చేతికో ఇస్తారు. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతారు. శోక్ శస్త్ర్ అనగానే జవాన్లు తుపాకులు తలకిందులు చేసి తల వంచుతారు. లాస్ట్ పోస్ట్ పూర్వం బ్రిటిష్ శిబిరాల్లో రాత్రి కాపలా చౌకీల తనిఖీ పూర్తయిందని ఊదే పిలుపు. కాపలా అయింది, ఇక పడుకో అని.

రిటైరైనవాడికి ఇదంతా హక్కుగా రాదు. కంటోన్మెంటు దగ్గర్లో ఉంటే ఎవరైనా వచ్చి పుష్పగుచ్ఛం పెట్టొచ్చు, మా పల్లెకి అంతదూరం నుంచి ఎవరొస్తారు, ఎప్పటికొస్తారు? అమెరికాలో 2000 నుంచీ చట్టం ఉంది. గౌరవంగా బయటికొచ్చిన మాజీ సైనికుడు పోయి, కుటుంబం అడిగితే, యూనిఫాంలో కనీసం ఇద్దరు వచ్చి జెండా మడిచి ఇచ్చి, బ్యూగిల్ పాట వినిపించి వెళ్లాలి. మన దగ్గరా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. పెద్ద ఖర్చేమీ కాదు, ఇద్దరు మనుషులు, ఒక జెండా.

వాళ్లమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే మీరేం చేస్తారో చెయ్యండి" అంది. అటక మీంచి వాడి నల్లపెట్టె దింపించాం. ప్రతి జవానుకీ ఉంటుంది ఆ ఇనప్పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల పాత కాన్వాసు బూట్లు, డిశ్చార్జి బుక్కు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పతకాలు. తొమ్మిదేళ్ల సర్వీసు పతకం, సియాచిన్ గ్లేసియర్ పతకం ఉన్నాయి. కొత్త తువ్వాలు పరిచి పతకాలు, బెరెట్ తలదగ్గర పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల మాజీలం వరసలో నిలబడ్డాం. నేను సావధాన్ అన్నాను, సెల్యూట్ చేశాం. డప్పులవాళ్లు చెప్పకుండానే ఆపారు.

పాడె మోసింది వాడి గ్రౌండు పిల్లలు. ఆ పిల్లల గురించి చెప్పకపోతే తంబి గురించి సగమే చెప్పినట్టు. గూడెంలో బ్యాంకు సెక్యూరిటీ గార్డుగా చేస్తూ, డ్యూటీకి ముందు తెల్లవారుజామున రిక్రూట్‌మెంటుకి పిల్లల్ని తయారుచేసేవాడు. పైసా తీసుకోలేదు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు, పది పులప్స్ తియ్యాలి, తొమ్మిదడుగుల గోతిని దూకాలి. ఆ గోతిని తనే తవ్వాడు, కొలతలో అంగుళం తేడా రానివ్వలేదు. వర్షానికి గట్టు జారినప్పుడల్లా మళ్లీ చెక్కేవాడు. అక్కడ పరుగెత్తినవాళ్లలో ఒకడు ఇప్పుడు నాసిక్‌లో ఆర్టిలరీ ట్రైనింగులో ఉన్నాడు.

దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. కొడుకు నాన్నా అని పిలిచాడు, వాడి తల్లి వెనక నిలబడి పట్టుకుంది. అప్పుడు ఒకాయన ముందుకొచ్చాడు. తిరునల్వేలి మనిషి, తంబితో ఒకే సెక్షన్లో చేసినవాడు. ముందురోజు కబురందగానే దొరికిన రైలెక్కి, రాత్రంతా నిలబడి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని "తంబీ" అని మూడుసార్లు పిలిచాడు. మా ఆచారంలో రక్తసంబంధీకులే పిలుస్తారు. పంతులుగారు గానీ, ఊరి పెద్దలు గానీ అభ్యంతరం చెప్పలేదు.

పెద్దకర్మ నాడు సంస్మరణ సభ పెట్టాం. ఈ సభలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ఫ్లెక్సీ, మైకు, ఒకరి తర్వాత ఒకరు లేచి "మంచివాడు, దేశసేవ చేశాడు" అంటారు. తప్పు లేదు, ప్రేమతోనే అంటారు. కానీ దేశసేవ అన్న ఒక్క మాట కింద పదిహేడేళ్లని కప్పెడితే పిల్లలకేం మిగులుతుంది? క్రైస్తవుల ఇళ్లలో భూస్థాపన ఆరాధనప్పుడు పోయినవారి జీవిత చరిత్ర రాసి చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ పనిచేశారు, ఎవరికి ఏం చేశారు, అన్నీ. నాకు అది చాలా నచ్చుతుంది. అలాగే చేద్దామని ముందే అనుకున్నాం. తెలిసినది తెలిసినట్టు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నది చెప్పాలి, ఉపన్యాసం వద్దు అన్నాను.

నేను వాడి పని గురించి చెప్పాను. సాపర్ అంటే ఇంజనీరింగ్ దళం జవాను. దారులు వేస్తాడు, మందుపాతరలు తీస్తాడు, వంతెనలు కడతాడు. వంతెన అంటే సిమెంటుది కాదు, బెయిలీ బ్రిడ్జి. డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజనీరు రెండో ప్రపంచయుద్ధంలో కనిపెట్టింది. ఉక్కు ప్యానెళ్లని పిన్నులతో కలుపుకుంటూ పోతారు. ఒక్కో ప్యానెల్ పదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, బరువు దాదాపు 260 కిలోలు. ఆరుగురు ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి దించాలి. క్రేన్ అక్కర్లేదు. ఒక గట్టు మీదే బిగించి, రోలర్ల మీద అవతలి గట్టుకి తోస్తారు. 2024 జూలై 30న వయనాడులో కొండ విరిగి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెనని ఆగస్టు 1 సాయంత్రానికల్లా కట్టి నిలబెట్టింది మా మద్రాస్ సాపర్సే. అప్పటికి తంబి రిటైరై ఏడాదైంది. ఆ రెండు రాత్రులూ టీవీ ముందు నుంచి లేవలేదట. ఇది ప్యానెల్, ఇది ట్రాన్సమ్, ఇప్పుడు తోస్తారు చూడు అని పిల్లలకి చెప్తూనే ఉన్నాడట. "నువ్వూ కట్టావా నాన్నా?" అని కూతురు అడిగితే, "చాలా కట్టాం" అని ఊరుకున్నాడట. గొప్పలు చెప్పుకునే అలవాటు వాడికి ఎప్పుడూ లేదు.

తర్వాత తిరునల్వేలి ఆయన లేచాడు. తమిళంలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. తంబి ఎడమచేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు. లారీ తలుపులో పడి నలిగిందని ఇంట్లో చెప్పాడు, అందరూ నమ్మారు. జరిగింది వేరు. లడఖ్‌లో చలికాలం, తెల్లవారకముందు వంతెన పని. ప్యానెల్ ఎత్తుకుని నడుస్తుంటే మంచు మీద ఒకడి కాలు జారి ప్యానెల్ కింద పడ్డాడు. అలాంటప్పుడు మిగతా ఐదుగురు వదలకూడదు, వదిలితే కిందివాడి ఛాతీ మీద పడుతుంది. తంబి చెయ్యి అప్పటికే బిగించిన ప్యానెల్‌కీ, మోస్తున్న ప్యానెల్‌కీ మధ్య ఇరుక్కుంది. అరిచాడు గానీ వదల్లేదు. కింద పడ్డవాణ్ని కాళ్లు పట్టి ఇవతలికి లాగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "కింద పడ్డది నేనే" అని ఆయన కూర్చున్నాడు.

సభలో ఎవరూ మాట్లాడలేదు. పదమూడేళ్ల కూతురు లేచి ఆయన దగ్గరికొచ్చి, "అంకుల్, మళ్లీ చెప్పండి" అంది. ఆయన మళ్లీ చెప్పాడు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తున్నాయి. నాన్న ఏ చేత్తో పట్టుకున్నారు, రక్తం వచ్చిందా, తర్వాత ఏం తిన్నారు. ఆయన ఒక్కటీ దాటెయ్యకుండా జవాబిచ్చాడు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో మొదటిసారి నవ్వు వినిపించింది, అదీ ట్రైనింగులో తంబి హిందీ కష్టాల గురించి ఇంకొకాయన చెప్తుంటే.

చావింట్లో నవ్వడం తప్పని కొందరంటారు. నేనలా అనుకోను. ముప్పై ఎనిమిదేళ్లకి పోయిన మనిషిని తలుచుకుని ఏడుపొక్కటే మిగిలితే, వాడు బతికిన బతుకంతా ఆ చివరి పొద్దున కిందికి పోతుంది. వాడు బాగా బతికాడు. ఆ సంగతి నలుగురిలో, పిల్లల ఎదుట, గట్టిగా చెప్పుకోవాలి.

కాగితాల సంగతి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే దుఃఖంలో ఇవి వెనకబడితే ఆ ఇంటికే నష్టం. మరణ ధ్రువపత్రం రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికీ, రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకీ తెలియజెయ్యాలి. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తోంది, అందులోనూ నమోదు కావాలి. పెన్షనరు చిన్న వయసులో పోతే భార్యకి ఏడేళ్లపాటు పెంచిన రేటులో, అంటే చివరి జీతంలో సగం దాకా, ఆ తర్వాత ముప్పై శాతం లెక్కన ఫ్యామిలీ పెన్షను వస్తుంది. ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం భార్యకీ, ఆధారపడిన పిల్లలకీ కొనసాగుతుంది. పెన్షన్ ఉత్తర్వులో (పీపీవో) భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోకపోతే నెలల తరబడి తిప్పలు. తంబి అన్నీ సరిచేసి పెట్టే వెళ్లాడు. కొలతలో అంగుళం తేడా రానివ్వనివాడు కదా.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో మిలటరీలో చేసి వచ్చినవాళ్లుంటే, వాళ్ల ఆర్మీ నంబరు, యూనిట్ పేరు, కలిసి పనిచేసిన ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాయించి పెట్టె మూత లోపల అంటించండి. అంతకన్నా ముందు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, అక్కడ ఏం చేశావని అడగండి.