ముక్కు వంకరగా ఉన్న కోడిపిల్లను బతికించుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రాణం గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో కోడి పిల్లల్ని చేసింది అనుకోండి. అన్నీ బాగున్నాయి, ఒకదాని ముక్కు మాత్రం వంకరగా ఉంది. పై ముక్కు ఒకవైపుకి, కింది ముక్కు ఇంకోవైపుకి, తెరిచిన కత్తెరలా. ఇంట్లో పెద్దవాళ్లు చూసి "అది బతకదులే" అనేస్తారు. మీకేమో మనసొప్పదు. అప్పుడు ఏం చెయ్యాలి?

ముందు మా అమ్మమ్మ వాళ్లింట్లో జరిగింది చెప్తాను. అక్కడ ఒక నాటు పెట్ట 11 పిల్లల్ని చేసింది. నాలుగో రోజుకి ఒక పిల్ల ముక్కు పక్కకి తిరిగినట్టు కనిపించింది. అమ్మమ్మ చూసి, "గ్రహణం నాడు పొదుగులో ఉన్న గుడ్డురా అది, వదిలెయ్" అంది. నేను చూస్తే ఆ పిల్ల రోజంతా తల్లి వెనకే తిరుగుతూ నూకలు పొడుస్తూనే ఉంది. తింటోంది కదా అనుకున్నాను. సాయంత్రం చేతిలోకి తీసుకుంటే అసలు బరువే లేదు. మెడ కింద ఉండే మేత సంచి ఖాళీ. పొడవడం పొడుస్తోంది గానీ, గింజ నోట్లోకి వెళ్లట్లేదు!

ఇక్కడే చాలామంది మోసపోతారు. వంకర ముక్కు వల్ల పిల్ల చచ్చిపోదండి, ఆకలి వల్ల చచ్చిపోతుంది. గుడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు పిల్ల పొట్టలోకి కొంత పచ్చసొన చేరి ఉంటుంది. దాంతో రెండు మూడు రోజులు లాగించేస్తుంది. ఆ తర్వాత కూడా మేత లోపలికి వెళ్లకపోతే నీరసించిపోతుంది. కాబట్టి ముక్కుని సరిచెయ్యాలని కూర్చోకండి. ముందు గిన్నె మార్చండి.

సరే, ఇది ఎందుకు వస్తుంది? గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కొన్నిసార్లు వంశంలోనే ఉంటుంది. చైనాలో బీజింగ్-యూ అనే జాతి కోళ్లలో ఈ లోపం కనిపిస్తే, అక్కడి శాస్త్రవేత్తలు జన్యువుల మీద పరిశోధనలు కూడా చేశారు. పొదిగేటప్పుడు వేడి సరిగ్గా లేకపోయినా రావచ్చు. ఇంక్యుబేటర్‌లో సుమారు 37.5 డిగ్రీలు, 21 రోజుల పాటు నిలకడగా ఉండాలి. తల్లి కోడికి విటమిన్లు, ఖనిజాలు తక్కువైనా, పిల్ల ముక్కుకి దెబ్బ తగిలినా ఇలా జరగొచ్చు. పుట్టినప్పుడు మామూలుగానే ఉండి, పెరిగేకొద్దీ వంకర బయటపడటం కూడా మామూలే.

ఇంకో మాట. ముక్కుని వేలితో మెల్లగా తాకి చూడండి. గట్టిగా ఉందా, రబ్బరులా వంగుతోందా? రబ్బరులా వంగితే అది వేరే సమస్య. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్ సరిపోక ఎముకలు మెత్తబడ్డాయేమో చూడాలి. దాన్ని త్వరగా పట్టుకుంటే మందులతో, మంచి దాణాతో బాగయ్యే అవకాశం ఉంది. ముఖం వాచి, కళ్లు, ముక్కు కారుతుంటే అది జబ్బు. ఈ రెండిట్లో ఏది కనిపించినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు మేత. మామూలు పిల్ల గింజని రెండు ముక్కుల మధ్య పట్టుకుని మింగుతుంది. ఈ పిల్లకి ఆ పట్టు దొరకదు. గరిటెతో తోడుకున్నట్టు తోడుకోవాలి. అందుకే నేల మీద చల్లిన నూకలు దీనికి పనికిరావు. పిల్లల దాణా, అంటే చిక్ స్టార్టర్, మిక్సీలో పొడి చేసి, గోరువెచ్చని నీళ్లతో ఇడ్లీ పిండిలా కలపండి. ముక్కు మొత్తం మునిగేంత లోతుగా పెట్టండి. మేం అరచిప్ప కొబ్బరి చిప్పని ఇసుకలో కదలకుండా గుచ్చి పెట్టాం. గిన్నె అంచు పిల్ల వీపు ఎత్తులో ఉంటే సుఖంగా తింటుంది. ఉడికించిన గుడ్డు మెదిపి కొంచెం కలపొచ్చు. ఉత్త అన్నం మాత్రం పెట్టకండి, అందులో ప్రోటీన్ సరిపోదు. పాలు అసలే వద్దు, పక్షులకి అరగవు.

తడి మేత మన ఎండలకి తొందరగా పులిసిపోతుంది. కొంచెం కొంచెంగా పెట్టి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. ముక్కుకి అంటుకుని ఎండిపోయిన మేతని తడి దూదితో తుడవండి.

నీళ్లు కూడా అంతే, ముక్కు మునగాలి. కానీ పిల్ల అందులో పడి మునిగిపోకూడదు. చిన్న సీసా మూతో, గులకరాళ్లు వేసిన గిన్నో సరిపోతుంది.

జాలిపడి సిరంజితో నోట్లో పోసేస్తుంటారు కొందరు. దయచేసి అలా చెయ్యకండి. గాలి వెళ్లే దారి నాలుక మొదట్లోనే ఉంటుంది, మేత అటు వెళ్తే ఊపిరాడక చనిపోతుంది. అంత అవసరం వస్తే డాక్టర్ దగ్గర నేర్చుకుని చెయ్యండి. అలాగే ఫోన్‌లో ఏదో వీడియో చూసి ముక్కుకి టేపులు చుట్టడం, లాగి తిప్పడం వద్దు. పైన కనిపించేది గోరులాంటి పదార్థమే అయినా లోపల ఎముక ఉంటుంది.

పిల్ల తింటోందో లేదో కంటితో చూసి చెప్పలేమని ఇందాకే చూశాం కదా. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు ఉంటే చాలు. రోజూ పొద్దున్నే, మేత పెట్టకముందు తూచి ఫోన్‌లో రాసుకోండి. రాత్రి మేత సంచి నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. బరువు రోజురోజుకీ పెరుగుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. వరుసగా రెండు రోజులు తగ్గితే ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

తినేటప్పుడు మాత్రం పిల్లని వేరుగా పెట్టండి, లేకపోతే మిగతావి దాని వాటా లాగేసుకుంటాయి. మిగతా టైమంతా తల్లి దగ్గరే ఉండనివ్వండి. తల్లి లేకపోతే మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. చలికి వణికే పిల్ల మేత ముట్టదు.

పెద్దయ్యాక ఇంకో రెండు పనులుంటాయి. మామూలు కోడి ముక్కు నేలకి రాసుకుని అరుగుతూ ఉంటుంది. దీనిది అరగదు కాబట్టి కొనలు పెరిగిపోతాయి. గోళ్లు రాసే ఫైల్‌తో చివరి పారదర్శకమైన భాగం మాత్రమే కొంచెం కొంచెం రాయాలి. లోపల రక్తనాళాలు, నరాలు ఉంటాయి. మొదటిసారి డాక్టర్‌తోనే చేయించి చూసి నేర్చుకోండి. రెండోది, ఈ కోడి ముక్కుతో ఈకలు శుభ్రం చేసుకోలేదు, పేలు పట్టేస్తాయి. బూడిద, ఇసుక కలిపి పొర్లడానికి చోటు పెట్టండి. వారానికోసారి రెక్కల కింద చూడండి. దీని గుడ్లు తినొచ్చు, కానీ పొదగేయకండి. లోపం పిల్లలకి కూడా రావచ్చు.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. అన్ని పిల్లలూ బతకవు. మరుసటి ఏడాది మా దగ్గరే ఇంకో పిల్లకి ముక్కుతో పాటు తల కూడా ఒకపక్కకి వంకరగా ఉండేది. ఇవన్నీ చేశాం. తొమ్మిదో రోజుకి బరువు తగ్గడమే గానీ పెరగడం లేదు. డాక్టర్ చూసి, ఇంక దాన్ని బాధపెట్టడం మంచిది కాదన్నారు. ఆయన మాట విన్నాం. రోజూ బరువు రాసుకోవడం వల్లే ఎక్కడ ఆగాలో కూడా తెలిసింది.

మొదటి పిల్ల మాత్రం పెట్ట అయ్యింది, గుడ్లు కూడా పెట్టింది. ఊరెళ్లినప్పుడు చూస్తే అమ్మమ్మే కొబ్బరి చిప్పలో దాణా కలుపుతోంది. "ఇది కింద చల్లితే తినలేదురా" అని నాకే చెప్పింది!

ఆఖరుగా ఒక్క మాట. కోడిపిల్లని పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ముద్దొస్తోందని మూతికి ఆనించుకోకండి. వాటి నుంచి మనకి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రావచ్చు. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే ఇవాళ సాయంత్రమే దాని మేత సంచి తడిమి చూడండి. ఉంటానండి.