పొగకు దారి చూపండి



పైరుకు తెగులు తగిలితే ఆకు చూసి చెప్పగలం. ఇంట్లో గాలికి తెగులు తగిలితే ఎట్లా తెలిసేది? వంటింటి దూలం చూడండి. అది నల్లబడిందంటే, ఆ మసిలో కొంత ఇల్లాలి ఊపిరితిత్తులకూ చేరినట్లే.

బేతంచెర్ల వైపు పాత మట్టి మిద్దెలకు పొగ పోవడానికి గవాక్షి ఉంటుంది. వాన వస్తే దానిపై బండ మూస్తాము. కట్టెలు తడిసేదీ ఆనాడే. అంటే పొగ ఎక్కువైన రోజే దానికి దారి ఉండదు.

ఆ పొగలో ఏమున్నది? ఒకటి, కంటికి ఆనని సన్నని నుసి. ఇది ఊపిరితిత్తుల అడుగుదాకా పోవును. పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఆయాసము, గుండెజబ్బు దీనివల్ల పెరుగును. రెండవది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. చలికి తలుపులు బిగించి, గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని పడుకుంటే నిద్రలోనే ప్రాణం తీయగలదు. ఇంటి పొగవల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు పొగగొట్టం గల పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం ప్రకటించారు. సూత్రం సులువే. మూసిన పొయ్యిలో వేడిగాలి గొట్టం వెంట పైకి లేచి, పొగను తనతో లాగుకొనిపోవును. గొట్టంలో మసి పేరుకొన్నా, పొయ్యి పగిలినా పొగ మళ్ళీ ఇంట్లోకే వచ్చును. కనుక మసి దులపాలి, పగుళ్ళు మెత్తాలి.

1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి పల్లెల్లో గ్యాసు పెరిగింది. అయినా స్నానాల నీళ్ళకు, ఎద్దుల ఉలవలకు కట్టెపొయ్యి మండే ఇళ్ళు ఇంకా ఉన్నవి. ఆ పొయ్యిని పెరట్లోకి మార్చండి. కందికట్టె, పత్తికట్టె బాగా ఎండనిచ్చి, వాన తగలని చోట పేర్చండి. పొయ్యి దగ్గర పసిబిడ్డను పడుకోబెట్టవద్దు.

మరి మూడు మాటలు. మూసిన గదిలో దోమలచుట్ట కాల్చకండి, దోమతెర కట్టండి. బండల పాలిషు పనికి పోయేవారు రాతిపొడి బట్టలను ఇంట్లో దులపక, బయటనే విడిచి తడిపి ఉతకాలి. పురుగుమందు డబ్బాలు పడకగదిలో ఉంచరాదు.

పొయ్యి ఊదేది ఆడవారు. గోడకు కిటికీ పెట్టించడం, గొట్టం నిలపడం మగవారు పూనుకొంటే ఒకటి రెండు రోజుల పని. వచ్చే వానలకు ముందే ఆ పని ముగించండి.