పాత కారుకు కొత్త పూచీ

రాజధానిలో పాత కారుతోపాటు ‘అదనపు వారంటీ’ని కూడా విక్రయిస్తున్నారు. అటువంటి పత్రమొకటి నేను చదివాను. ఇంజను, గేర్‌బాక్సులకు పూచీ మొదటి పేజీలో ఉన్నది. క్లచ్, బ్రేకులు, బ్యాటరీలకు వర్తించదన్న షరతు చివరి పేజీలో ఉన్నది. పాత కారులో ముందుగా అరిగేవి అవే కదా!

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానే వచ్చిన 2019 చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’పై ఫిర్యాదుకు తొలిసారి అవకాశం కల్పించింది. అయితే సేవాలోపాన్ని విచారించే జిల్లా కమిషన్‌కు ఒప్పందమే అన్యాయమన్న ఫిర్యాదును విచారించే అధికారం లేదు. అందుకు రాష్ట్ర కమిషన్‌నే ఆశ్రయించాలి. కొన్ని వేల రూపాయల మరమ్మతు కోసం సామాన్యుడు అన్ని మెట్లు ఎక్కగలడా? హక్కును ప్రసాదించిన పార్లమెంటు దానిని జిల్లా గుమ్మం దాకా తీసుకురాలేదు.