విద్యుత్ కారు పాత బ్యాటరీ - కొనదగినదేనా?

విద్యుత్తుతో నడచు కారు బ్యాటరీ సామర్థ్యము నూటికి 70 లేక 80 వంతులకు తగ్గినపుడు, ఆ కారు పోగల దూరము తగ్గి, దానిని మార్చవలసి వచ్చును. అయినను ఆ బ్యాటరీ పనికిరానిది కాదు. 40 యూనిట్ల బ్యాటరీలో 70 వంతులు మిగిలినచో ఇంకను 28 యూనిట్లు పట్టును. ఒకచోట కదలక యుండి విద్యుత్తును నిలువచేయుటకు ఇది చాలును.

జపానులో నిస్సాన్, సుమిటోమో సంస్థలు ఈ పనికై 2010లో ఫోర్-ఆర్ ఎనర్జీ అను సంస్థను నెలకొల్పినవి. అచ్చట పాత బ్యాటరీలను పరీక్షించి మూడు తరగతులు చేయుదురు. మేలైనవి తిరిగి కార్లకు, తరువాతివి బరువులెత్తు బండ్లకు, చివరివి కరెంటు పోయినపుడు ఆదుకొను పనికి వాడుదురు. ఒక బ్యాటరీలోని 48 భాగములను కొలుచుటకు తొలుత 16 దినములు పట్టినది. పిదప 4 గంటలకు తగ్గినది. ఈ వ్యాపారమునకు అసలు ఖర్చు సేకరణ, రవాణా, పరీక్ష, హామీలదే.

మరియొక చిక్కు కలదు. కొత్త బ్యాటరీల సగటు ధర 2010లో యూనిట్ సామర్థ్యమునకు 1,000 డాలర్లకు పైబడి యుండగా, 2024లో 115 డాలర్లకు దిగినది. కావున పాతది ఎంతో చౌకగా దొరికిననే గిట్టును.

కొనువారు ధరను గాక, యూనిట్ ఖర్చును చూడవలెను. ఉదాహరణకు, రోజుకు 10 యూనిట్లు, ఏడాదికి 300 దినములు వాడుదమనుకొందము. పాతది అన్ని ఖర్చులతో రూ. 1,50,000 అయి 5 ఏండ్లు పనిచేసిన, 15,000 యూనిట్లు వచ్చును, యూనిట్‌కు రూ. 10. కొత్తది రూ. 2,50,000 అయి 10 ఏండ్లు పనిచేసిన, యూనిట్‌కు సుమారు రూ. 8.33 మాత్రమే. చార్జింగు ఖర్చు రెంటికిని అదనము.

మన రాష్ట్రములలో వ్యవసాయపు పంపులకు ఉచిత విద్యుత్తు ఉన్నందున, వాటికై ఈ బ్యాటరీ కొనుట లాభము కాదు. డీజిల్ జనరేటరు నడుపుచున్న పాల శీతలీకరణ కేంద్రములు, శీతల గిడ్డంగులు మాత్రము ఈ లెక్క వేసి చూడవచ్చును.

కొనునపుడు పరీక్షాపత్రమును, వ్రాతపూర్వకమైన హామీని తప్పక అడుగవలెను. ఇందు వందల వోల్టుల విద్యుత్తు ఉండును. దెబ్బతిన్నచో మంటలు లేచును. కనుక స్వయముగా విప్పరాదు. పూర్తిగా పాడైనదానిని పొలములోనో, చెరువు గట్టునో పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమముల ప్రకారము వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది. గ్రామాధికారులు ఈ సంగతిని రైతులకు తెలియజేయవలెను.