అండాల లెక్క - స్కానింగ్ చెప్పేది, చెప్పనిది



వానాకాలం వచ్చిందంటే మన నిజామాబాదు, బోధన్ వైపు ఎవరిని కదిపినా ఒకటే మాట: "పోచంపాడు ఎంతదాకా నిండింది?" 1091 అడుగులకు వస్తే నిండినట్టు. స్త్రీ శరీరంలోనూ అలాంటి నిల్వ ఒకటుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదని వెళితే, డాక్టరమ్మ రాసే పరీక్షల్లో ఒకటి ఆ నిల్వను అంచనా వేసే స్కానింగ్.

ప్రాజెక్టుకు ఏటా గోదావరి కొత్తనీరు తెస్తుంది. అండాశయానికి ఆ వరద లేదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. తక్కినవి వాటంతటవే కరిగిపోతాయి.

ఈ స్కానింగును సాధారణంగా బహిష్టు మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల చేస్తారు. ఆ రోజుల్లో పరీక్షేమిటని సిగ్గుపడకండి. మూత్రం పోసుకుని వెళ్లాలి. సన్నని గొట్టంలాంటి సాధనాన్ని యోనిలోకి పంపి చూస్తారు. కొద్ది నిమిషాల పని. ఇది ఎక్స్‌రే కాదు, ధ్వని తరంగాలతో చూసేది. రెండు అండాశయాల్లోనూ 2 నుంచి 10 మిల్లీమీటర్లుండే నీటి బుడగల్లాంటి ఫాలికిల్స్‌ను లెక్కపెడతారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే లెక్క తగ్గి కనిపించవచ్చు, ముందే చెప్పండి.

రెండువైపులా కలిపి ఐదారు కూడా లేకపోతే నిల్వ తగ్గిందంటారు. మరీ ఎక్కువుంటే ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించి, కడుపు ఉబ్బి, ప్రమాదం రావచ్చు. మందు మోతాదు నిర్ణయించడానికే ఈ లెక్క ముఖ్యంగా పనికొస్తుంది. తోడుగా ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష కూడా చేయిస్తారు.

కానీ "నాలుగే ఉన్నాయట" అన్న కాగితం ఇంటికి రాగానే కోడలికి గొడ్రాలని పేరు పెట్టేవారున్నారు. ఇది చాలా అన్యాయం. చెరువులో నీళ్లు తక్కువున్న ఏడు కూడా పంట పండదా? స్కానింగ్ అండాల సంఖ్యనే చెబుతుంది, నాణ్యతను చెప్పదు. నాణ్యత ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. అమెరికాలో, అప్పుడే పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏఎంహెచ్ తక్కువున్నవారూ మిగతావారితో దాదాపు సమానంగానే గర్భం దాల్చారు.

అలాగని కాలయాపన చేయకూడదు. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, 35 దాటినవారైతే ఆరు నెలలకే, డాక్టరును కలవాలి. మరొక్క మాట. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. వారికి చేసే వీర్యపరీక్ష ఎంతో సులువు. అందుకని మీ స్కానింగ్ రోజున ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి, ఇద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలవుతాయి.

సెలవు.