గోల్ఫ్ బండి: మొదట సమకూర్చుకొనవలసిన పరికరములు

గోల్ఫ్ మైదానము చాల విశాలమైనది. పదునెనిమిది గుంటలలోను వరుసగా బంతిని వేసి ఆట ముగించునప్పటికి ఆటగాడు ఎనిమిది మొదలు పది కిలోమీటర్ల వరకు నడువవలసి యుండును. ఈ శ్రమను తగ్గించుటకై అమెరికాలో బ్యాటరీలతో నడుచు చిన్న బండ్లు వాడుకలోనికి వచ్చినవి. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి రెడ్‌లాండ్స్ పట్టణమున మార్కెటీర్ అను కంపెనీ వీనిని తయారుచేయ నారంభించెను. 1954లో జార్జియా రాష్ట్రమందలి ఆగస్టా నగరమున ఈ-జీ-గో కంపెనీ ఈ పనికి పూనుకొన్నది.

నేడు ఈ బండి మైదానమును దాటి వీధిలోనికి వచ్చినది. అట్లాంటా నగరమునకు దక్షిణముననున్న పీచ్‌ట్రీ సిటీ అను పట్టణములో ఈ బండ్లు తిరుగుటకు ప్రత్యేకముగా వేసిన బాటలు 160 కిలోమీటర్లకు పైగా కలవు. అచటి జనులు అంగడికి, గ్రంథాలయమునకు ఈ బండ్లలోనే పోవుదురు. ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము వీనిలో బడికి వచ్చుచుందురు.

మొదటిసారిగా బండి కొన్నవానికి అదనపు పరికరముల పట్టికను చూడగానే తికమక కలుగును. దీపములు, అద్దములు, గాలి తెర, వెనుక సీటు, పెద్ద చక్రములు, మంచుపెట్టె, పాటల పెట్టె ఇట్లెన్నియో అందులో ఉండును. డబ్బు మాత్రము పరిమితము. వీనిలో ఏది ముందు కొనవలెను, ఏది తరువాత కొనవచ్చును, ఏది కొనకుండుటయే మేలు? ఈ ప్రశ్నకు సమాధానము పాఠశాలలో నేర్చు భౌతిక, రసాయన శాస్త్రములలోనే దొరకును.

బ్యాటరీల రక్షణ

విద్యుత్తుతో నడుచు బండిలో మిక్కిలి ఖరీదైన భాగము బ్యాటరీల వరుస. సీసపు బ్యాటరీలు గల 48 వోల్టుల బండిలో సాధారణముగా 8 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉండును. ఒక్కొక్కటి సుమారు 29 కిలోల బరువు తూగును. అనగా అన్నియు కలిసి సుమారు 174 కిలోలు. ఒక్కొక్క సీసపు ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును గనుక ఈ వరుసలో 24 ఘటములు కలవన్నమాట.

ఈ ఘటములలో సీసపు పలకలు గంధకికామ్లములో మునిగి యుండును. విద్యుత్తును వాడుకొనుచున్నకొలది రెండు విధములైన పలకల మీదను సీసపు గంధకితము ఏర్పడి, ఆమ్లము పలుచనగును. తిరిగి విద్యుత్తును ఎక్కించినప్పుడు ఈ గంధకితము కరగిపోయి ఆమ్లము చిక్కనగును. నిండు ఘటములో ఆమ్లపు విశిష్ట గురుత్వము సుమారు 1.27 ఉండును. విద్యుత్తు తరిగిన ఘటమును దినముల తరబడి అట్లే వదిలివేసినచో గంధకితము గట్టి స్ఫటికములుగా పేరుకొనును. అటుపిమ్మట దానిని కరగించుట కష్టము. బ్యాటరీలు అకాలముగా చెడుటకు ఇది ముఖ్య కారణము.

కనుక మొదట కొనవలసిన వస్తువులు రెండు: ఒక హైడ్రోమీటరు, ఒక మంచి వోల్టుమాపకము. బండి కొన్ని గంటలు కదలకుండ ఉన్న తరువాత చూచినచో, నిండుగా ఉన్న 48 వోల్టుల వరుస సుమారు 51 వోల్టులు చూపును. సగము తరిగినప్పుడు అది 48 వోల్టులకు కొంచెము పైన ఉండును. ఇంత చిన్న తేడాను కంటికి ఆనునట్లు చూపగల మాపకము కావలెను గాని, కేవలము "నిండు, ఖాళీ" అని ముల్లుతో చూపునది చాలదు. హైడ్రోమీటరు ఇంకొక మేలు చేయును. 24 ఘటములలో ఏ ఒక్కటి వెనుకబడినను దానిని పట్టియిచ్చును.

విద్యుత్తు ఎక్కించు చివరి దశలో నీరు విచ్ఛిన్నమై ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. అందుచేత ఘటములలో నీరు తరుగును. దానిని స్వేదన జలముతోనే నింపవలెను. బావినీటిలోను, కుళాయినీటిలోను ఉండు లవణములు పలకలను పాడుచేయును. నీటిని విద్యుత్తు ఎక్కించిన తరువాతనే పోయుట పద్ధతి. ముందుగా నిండుగా పోసినచో ఎక్కించునప్పుడు ద్రవము పొంగి ఆమ్లము బయట పడును. అయితే పలకలు తేలి కనబడుచున్నచో, అవి మునుగునంత మట్టుకు ముందే పోయవలెను. 24 మూతలను విప్పి చూచుట విసుగైన పని కనుక, ప్రతి మూతలోను తేలెడు బెండు గల కవాటము నమర్చి, ఒకే గొట్టము ద్వారా అన్ని ఘటములకు నీరందించు పరికరము దొరకును. నీరు తగిన మట్టమునకు రాగానే బెండు లేచి కవాటము మూసుకొనును. మరచిపోవు స్వభావము గలవారికి ఇది మంచి కొనుగోలు.

వెలువడిన ఉదజని గాలిలో నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పు రవ్వ తగులగనే అంటుకొనగలదు. బండి నిలుపు కొట్టమునకు గాలి ధారాళముగా వచ్చుమార్గ ముండవలెను. ఆమ్లమును ముట్టువారు కంటికి అద్దములు, చేతికి తొడుగులు ధరింపవలెను. లిథియం బ్యాటరీలు గల బండ్లకు నీటి పని లేదు, బరువును తక్కువ. అయితే వానికి తగిన చార్జరునే వాడవలెను.

దీపములు - వోల్టేజిని తగ్గించు సాధనము

చీకటిలో తిరుగు బండికి ముందు, వెనుక దీపములు తప్పనిసరి. అయితే దొరకు దీపములు చాలవరకు 12 వోల్టులవి. ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరు గల 36 వోల్టుల బండిలో కొందరు ఒక సులభోపాయము చేయుదురు. రెండు బ్యాటరీలను మాత్రము ఎంచుకొని వాని కొనలకు దీపపు తీగలను కలుపుదురు. 12 వోల్టులు వచ్చును, దీపము వెలుగును. కాని ఇందులో నష్టము దాగియున్నది.

దీపములు రెండును కలిసి 70 వాట్లవి అనుకొందము. 12 వోల్టుల మీద సుమారు 6 ఆంపియర్ల ప్రవాహము కావలెను. రెండు గంటలు వెలిగినచో ఆ రెండు బ్యాటరీల నుండియే 12 ఆంపియర్-గంటలు అదనముగా ఖర్చగును. తక్కిన నాలుగింటికి ఈ ఖర్చు లేదు. ఇక చార్జరు ఎక్కించునప్పుడు ఆరు బ్యాటరీలు వరుసలో ఉన్నవి గనుక అన్నింటిలోను ఒకే ప్రవాహము పోవును. నాలుగు నిండునప్పటికి ఆ రెండు నిండవు. ఆ రెండు నిండువరకు ఆగినచో తక్కినవానిలో నీరు అనవసరముగా విచ్ఛిన్నమగును. ఈ విధముగా కొన్ని నెలలు గడచునప్పటికి రెండు బ్యాటరీలు గంధకితముతో నీరసించును. వరుసలో ఒకటి చెడినను బండి శక్తి అంతయు తగ్గును గనుక, దీపము కొరకు చేసిన పొదుపు చివరకు బ్యాటరీల ఖర్చుగా పరిణమించును.

దీనికి సరియైన మార్గము వోల్టేజిని తగ్గించు సాధనము. ఇది మొత్తము 36 వోల్టులను తీసుకొని 12 వోల్టులుగా మార్చి యిచ్చును. నూటికి 90 వంతులు సమర్థతతో పనిచేసినచో, 70 వాట్ల దీపములకు వరుస నుండి 78 వాట్లు, అనగా సుమారు 2.2 ఆంపియర్లు మాత్రమే తీసుకొనును. ఆ భారము ఆరింటికిని సమానముగా పంపిణీ యగును. పాత దీపములకు బదులు ఎల్.ఇ.డి. దీపములు పెట్టినచో ఈ ఖర్చు మూడవ వంతుకు లోపుగనే సరిపెట్టుకొనవచ్చును.

దీనితోబాటు, బ్యాటరీకి దగ్గరగా తగిన ఫ్యూజు నమర్చవలెను. తీగ ఎక్కడనైన ఒరసుకొని చట్రమునకు, రెండవ తీగకు తగిలినచో సీసపు బ్యాటరీల నుండి వందల ఆంపియర్ల ప్రవాహము రాగలదు. సన్నని తీగ క్షణములో ఎర్రబడి మంట పుట్టించును. అల్ప మూల్యము గల ఫ్యూజు ఈ ప్రమాదమును ఆపును.

మలుపులో మనిషి

సాధారణ గోల్ఫ్ బండి గంటకు 19 మొదలు 24 కిలోమీటర్ల వేగముతో పోవును. ఇది సైకిలు వేగము. అందుచేత దీనివలన అపాయమేమి అని చాలమంది తలంతురు. కాని ఈ బండికి తలుపులు లేవు. అమెరికాలో చోదకుడు ఎడమవైపున కూర్చుండును. అతడు ఎడమకు తిప్పగానే, కుడివైపున కూర్చున్నవాని దేహము జడత్వముచేత తిన్నగా పోజూచును. బండి అతని క్రిందినుండి ప్రక్కకు జరుగును. అతనిని ఆపుటకు సీటు ఘర్షణ, అంచున తుంటి ఎత్తున ఉన్న చిన్న పిడి మాత్రమే ఉండును.

గంటకు 20 కిలోమీటర్ల వేగముతో 5 మీటర్ల వ్యాసార్ధము గల మలుపు తిరిగినచో, ప్రక్క త్వరణము గురుత్వ త్వరణములో 0.63 వంతు ఉండును. 30 కిలోల బాలునికి ఇది 19 కిలోల బరువుతో ప్రక్కకు లాగినట్లుండును. వేగమును 16 కిలోమీటర్లకు తగ్గించినచో త్వరణము 0.40 వంతునకు దిగును. వేగము అయిదవ వంతు తగ్గినచో లాగుడు మూడవ వంతునకు మించి తగ్గినది. త్వరణము వేగవర్గము ననుసరించి మారుటయే దీనికి కారణము.

బండి నుండి జారిపడిన పిల్లలకు తలకు దెబ్బ తగులుట ఈ బండ్ల ప్రమాదములలో మిక్కిలి భయంకరమైనది. కావున వీధిలో తిరుగు బండికి నడుము పట్టీలు మంచుపెట్టె కంటె ముందు కొనదగినవి. పట్టీని ఉక్కు చట్రమునకు బిగింపవలెను. సీటు అడుగున ఉన్న చెక్కకు గాని ప్లాస్టిక్ తొడుగునకు గాని బిగించినచో అదను వచ్చినప్పుడు ఊడిపోవును. వీపు సీటుకు ఆనియుండగా పాదములు నేలకు తగలని పసివారిని ఈ బండి ఎక్కింపకుండుటయే మంచిది. పైకప్పు ఎండకు, వానకు మాత్రమే. బండి బోర్లపడినప్పుడు మనిషిని కాపాడు బలము దాని సన్నని కమ్ములకు లేదు.

వెనుక సీటు, పెద్ద చక్రములు

వెనుకకు ముఖము పెట్టి కూర్చుండు అదనపు సీటు చాలమందికి ప్రియమైనది. ఇందు రెండు చిక్కులు కలవు. బండి ఒక్కసారిగా ముందుకు కదలినప్పుడు, ముందు సీటులోనివారిని వీపు వెనుకనున్న బల్ల ఆపును. వెనుక సీటులోనివారి ఎదుట అట్టిది ఏదియు లేదు గనుక వారు రోడ్డు మీదికి తూలుదురు. కాబట్టి గట్టి చేతికమ్మియు, పట్టీలును లేని వెనుక సీటును కొనరాదు.

రెండవది బరువు సంగతి. వెనుక ఇరుసునకు 40 సెంటీమీటర్లు వెనుకగా 130 కిలోల బరువు గల ఇద్దరు కూర్చుండిరనుకొందము. రెండు ఇరుసుల నడుమ దూరము 165 సెంటీమీటర్లు. భ్రామకముల సూత్రము ప్రకారము ముందు చక్రముల మీది బరువు సుమారు 32 కిలోలు తగ్గును. మెట్ట ఎక్కునప్పుడు ఇది ఇంకను తగ్గి, చుక్కాని చక్రము మాట వినదు.

చక్రములను పెద్దవి చేసి బండిని ఎత్తుచేయుట మరియొక వేడుక. చక్రముల నడుమ వెడల్పు 96 సెంటీమీటర్లు, మనుష్యులతో కలిసి గురుత్వ కేంద్రము ఎత్తు 64 సెంటీమీటర్లు అనుకొన్నచో, ప్రక్క త్వరణము 48/64, అనగా 0.75 వంతు అయినప్పుడు బండి పల్టీకొట్టును. ఎత్తును 15 సెంటీమీటర్లు పెంచినచో ఆ హద్దు 48/79, అనగా 0.61 వంతు అగును. పైన లెక్కించిన 5 మీటర్ల మలుపులో త్వరణము 0.63 వంతు గదా! మామూలు బండి తట్టుకొను మలుపులో ఎత్తుచేసిన బండి బోర్లపడునన్నమాట. రాతినేలలమీద పని లేనివారు దీనిజోలికి పోకుండుట మేలు.

చూచుట, కనబడుట

వెనుకనుండి వచ్చు వాహనములను చూచుటకు కుంభాకార దర్పణము మంచిది. అది విశాలమైన దృశ్యమును చూపును. అయితే ప్రతిబింబము చిన్నదిగా ఉండుటచేత వాహనము ఇంకను దూరమున ఉన్నట్లు తోచును. ఈ సంగతి మరువరాదు.

ఇతరులకు కనబడుట అంతకంటె ముఖ్యము. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు, 24 కిలోమీటర్ల వేగముతో పోవు బండిని 100 మీటర్ల దూరమునుండి చూచినచో, ఏడున్నర సెకండ్లలో దానిని చేరుకొనును. దీనికై 1960 తరువాతి తొలి సంవత్సరములలో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయమున రూపొందించిన గుర్తు ఒకటి కలదు. నారింజ రంగు త్రికోణము, దాని చుట్టును ఎర్రని అంచు. పగటివేళ నడిమి రంగు మెరయును, రాత్రివేళ అంచు దీపకాంతిని వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. విద్యుత్తు అక్కరలేని ఈ గుర్తును వెనుకభాగమున తగిలించుట చౌకయైన రక్షణ.

గాలి తెరకు రెండు రకముల ప్లాస్టిక్ వాడుదురు. యాక్రిలిక్ సులభముగా గీతలు పడదు గాని, గట్టి దెబ్బకు పగులును. పాలీకార్బనేట్ దెబ్బకు ఓర్చును గాని, గీతలు త్వరగా పడును. రాయి ఎగిరిపడు చోట రెండవదే తగినది. దేనినైనను మెత్తని గుడ్డతో, సబ్బునీటితో మాత్రమే తుడువవలెను.

1998లో అమెరికా కేంద్ర ప్రభుత్వము, గంటకు 32 కిలోమీటర్లకు మించి 40 కిలోమీటర్ల లోపు పోగల చిన్న బండ్లను ప్రత్యేక తరగతిగా నిర్ణయించినది. వానికి దీపములు, మలుపు సూచికలు, ప్రతిఫలకములు, దర్పణములు, నిలుపు బ్రేకు, గాలి తెర, నడుము పట్టీలు ఉండవలెనని విధించినది. ఇందులో పాటల పెట్టె లేదు, మంచుపెట్టె లేదు. తక్కువ వేగము గల బండి యజమానికి కూడ ఈ జాబితాయే మంచి దారి చూపును.

మన దేశమున పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను, రోగులను ప్లాట్‌ఫారము మీద చేరవేయు బ్యాటరీ బండ్లు ఈ జాతివే. వాని మలుపులోను, వెనుక సీటులోను, బ్యాటరీల వరుసలోను పనిచేయు సూత్రములు పైన చెప్పినవే. బండిని కనిపెట్టి చూచుకొను పరికరములు మొదట, మనిషిని నిలుపునవి, కనబరచునవి వానితోబాటు, వేడుక వస్తువులు చివర. ఈ క్రమము పాటించినచో డబ్బును, ప్రాణమును రెండును దక్కును.